కోటమ్మ కడుపులో పడుకున్న క్రిమి

మొన్న నర్సింగ్ కాలేజీ వాళ్లు పిలిచి, శాలువా కప్పి, కొత్తగా ఉద్యోగాల్లో చేరబోయే పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మైకు ముందు నిలబడితే మనిషికి ఏమవుతుందో గానీ, సేవ, త్యాగం, దీపం అంటూ ఏవేవో చెప్పి దిగిపోయాను. పిల్లలు చప్పట్లు కూడా కొట్టారు. ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకేసింది. ఆ పిల్లల్లో ఒకళ్లో ఇద్దరో రేపు నేను చేసిన ఉద్యోగంలోకే వస్తారు. వాళ్లకు పనికొచ్చే ముక్క ఒక్కటీ నా నోటి నుంచి రాలేదు. అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా పేరు సువార్త. గుంటూరు జిల్లాలో ఒక పాత ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఈ ఉద్యోగం ఒకటుందని చాలామందికి తెలియదు. మా చుట్టాలైతే ఇప్పటికీ, "మరి సూది వేయవు, కట్టు కట్టవు, కాన్పు చేయవు, జీతం దేనికిస్తారే నీకు?" అని అడుగుతారు. వార్డుల్లో తిరుగుతూ, తుడుపు బకెట్లలోకి తొంగిచూస్తూ, బాత్రూముల్లో వాసన చూస్తూ ఉంటాను కాబట్టి వెనకాల నన్ను 'బకెట్ల సిస్టర్' అనేవాళ్లు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత నేనే ఫోనెత్తి "బకెట్ల సిస్టర్‌ని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టాను. దాంతో వాళ్లకు సరదా తీరిపోయింది.

అసలు పని ఏమిటంటే, ఒక జబ్బుతో ఆసుపత్రికి వచ్చిన మనిషి ఇంకో జబ్బు వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లకుండా చూడటం. బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు ఎవరూ మెచ్చుకోరు. ఈ రెండు విషయాలూ మింగుడుపడితే మీరు ఈ ఉద్యోగానికి పనికొస్తారు. పాఠం చెప్పినట్టు చెబితే మీరు నిద్రపోతారు గనక, ఒక్క కోటమ్మ సంగతి చెబుతాను. నేను రిటైరవడానికి కొంచెం ముందు జరిగింది.

మేస్త్రి కాలు విరిగింది

కోటమ్మది పత్తిపాడు వైపు ఊరు. అరవై దాటాయి. మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ల ముఠాకు ఆమె మేస్త్రి. ఎండు మిరపకాయల గుట్ట ముందు ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుని, పొద్దస్తమానం తొడిమ తుంచి మంచి కాయ ఒక పక్కకు, తాలుకాయ ఇంకో పక్కకు వేసే పని అది. బయటి నుంచి వెళ్లినవాళ్లు ఆ షెడ్డులో తుమ్మకుండా నిలబడలేరు. ఆడవాళ్లను పొద్దున్నే ఆటో ఎక్కించడం, తగవులు తీర్చడం, షావుకారు ముందు గొంతు పెంచడం అన్నీ కోటమ్మవే. ఒకరోజు గోనెపట్టా మీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. మా దగ్గర ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు.

ఆపరేషనైన మర్నాడు నేను వార్డుకు వెళితే, నేనెవరో కూడా అడక్కుండా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, నేనెప్పుడు నడుస్తాను? కొత్త కాయ దిగుద్ది. నేను లేకపోతే ముఠాని ఇంకోళ్లు ఎగరేసుకుపోతారు."

"నడుస్తావు కోటమ్మక్కా. కంగారుపడకు" అన్నాను.

"కంగారు కాదమ్మా. ఆ పిల్లలు నా చేతికింద ఉన్నన్నాళ్లే నేను మనిషిని. లేకపోతే మూలన కూర్చున్న ముసల్దాన్ని."

నవ్వుతూనే అంది గానీ, ఉత్తమాట కాదని ఆ పట్టు చూస్తే తెలిసింది. ఆమె మీద నాకు అప్పుడే అభిమానం కలిగింది. రోగుల మీద అభిమానం పెంచుకోకూడదని పుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్లు వార్డులో ఎంతసేపు ఉన్నారో నాకు అనుమానమే.

జబ్బు లేదు, క్రిమి ఉంది

అదే వార్డులో మూల మంచం మీదున్న పెద్దాయనకు విపరీతంగా విరేచనాలు పట్టుకున్నాయి. పరీక్షిస్తే పేగుకు పట్టే ఒక క్రిమి బయటపడింది. దాని పూర్తి పేరు పలికేలోపు రోగి డిశ్చార్జి అయిపోతాడు కాబట్టి మేం సి.డిఫ్ అంటాం. మా సూపరింటెండెంట్ డాక్టర్ ప్రసాదరావు గారు వెంటనే వార్డులో అందరికీ పరీక్ష చేయించమన్నారు. ఆయనది అద్దంకి. గొంతు పెద్దది, మనసూ పెద్దదే, ఓపిక మాత్రం చాలా చిన్నది. విరేచనాలు లేనివాళ్లకు ఈ పరీక్ష చేయనక్కర్లేదని చెప్పి చూశాను. ఆయన వినలేదు. పరీక్ష చేస్తే కోటమ్మలో ఆ క్రిమి ఉందని తేలింది.

కోటమ్మకు విరేచనాలు లేవు, కడుపునొప్పి లేదు, జ్వరం లేదు. పెట్టిందంతా తింటోంది, ఫిజియోథెరపీ అబ్బాయిని హడలగొడుతోంది. ఇక్కడే మీరు ఒక విషయం బాగా తలకెక్కించుకోవాలి. క్రిమి ఉండటం వేరు, జబ్బు రావడం వేరు. ఆసుపత్రుల్లో ఎక్కువ రోజులు గడిపినవాళ్లలో, అటూ ఇటూ ఆసుపత్రులు మారినవాళ్లలో ఇది చడీచప్పుడు లేకుండా పేగుల్లో చేరి పడుకుంటుంది. మన పేగుల్లో పుట్టిననాటి నుంచీ ఉండే మంచి క్రిములు దాన్ని తలెత్తనివ్వవు. పైరు ఒత్తుగా ఉన్నంతకాలం కలుపు లేవదు కదా, అలాంటిదే ఇది కూడా. పైరు పోయిందా, కలుపుదే రాజ్యం. అప్పుడది విషం కక్కుతుంది, పేగు వాస్తుంది, మనిషి నీళ్లలా కారిపోతాడు. వయసు మీదపడ్డవాళ్లకైతే ప్రాణం మీదికొస్తుంది.

ప్రసాదరావు గారు రిపోర్టు చూసి, "ఉందన్నాక మందేసి చంపెయ్యండి, గొడవ వదిలిపోద్ది" అన్నారు.

"జబ్బు లేదు కదా సార్. మందేస్తే మంచి క్రిములు కూడా పోతాయి. ఇది పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది."

"అయితే చూస్తూ కూర్చోమంటారా?"

"ఇప్పటికి చూస్తూ కూర్చోవడమే మన పని సార్."

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కానీ మైక్రోబయాలజీ మేడమ్ కూడా నా మాటే అనడంతో మందు ఆలోచన మానుకున్నారు. మానుకున్నారు గానీ, ఏదో ఒకటి చేయకపోతే ఆయనకు తోచదు. బోర్డు పెట్టించారు.

ఎర్ర అక్షరాలు

కోటమ్మ మంచం కాళ్ల వైపు అట్ట మీద ఎర్ర అక్షరాలతో, 'జాగ్రత్త. క్రిమి ఉన్న రోగి' అని వేలాడదీశారు. విడిగా బాత్రూము, గ్లవుజులు, మంచాలు తుడవడానికి బ్లీచింగ్ నీళ్లు, ఇవన్నీ నేను అడిగినవే, ఇచ్చారు. బోర్డు మాత్రం వద్దన్నాను. సిబ్బందికి తెలియడానికి చిన్న గుర్తు చాలన్నాను.

"పెద్దగా రాయకపోతే ఎవరు చూస్తారండీ?" అన్నారాయన.

చూడాల్సినవాళ్లు, అంటే మా సిబ్బంది, అలవాటుపడి రెండోరోజుకే చూడటం మానేశారు. చూడకూడనివాళ్లు చూశారు. ఆదివారం కోటమ్మ ముఠా ఆడవాళ్లు ఆటో కట్టించుకుని, అరటిపళ్లు పట్టుకుని వచ్చారు. వాళ్లలో నాగేంద్రం అని ఒకామె పదో తరగతిదాకా చదివింది. బోర్డును గట్టిగా చదివింది. అంతే, గుంపంతా ఒక్కసారిగా వెనక్కి జరిగింది.

"ఏందే, ఆమడ దూరాన నిలబడ్డారు?" అంది కోటమ్మ.

"ఏం లేదత్తా, నీకు గాలాడాలని" అంది నాగేంద్రం.

అరటిపళ్లు కిటికీలో పెట్టి వెళ్లిపోయారు. తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. కోటమ్మ తలుపు వంక చూసి చూసి గోడవైపు తిరిగి పడుకుంది. నేను బోర్డు పీకి, మా సిబ్బందికి తప్ప ఎవరికీ అర్థంకాని పచ్చ చుక్క ఒకటి అతికించాను. ప్రసాదరావు గారు నన్ను గదికి పిలిచి అరిచారు. నేను విన్నాను. ఆయన అరిచి అలసిపోయాక టీ తెప్పించారు. బోర్డు మాత్రం మళ్లీ ఎక్కలేదు.

పిల్లలూ, పై అధికారి అరుపుకు భయపడకండి. అరిచేవాడితో పని చేయించుకోవచ్చు. అన్నింటికీ తలూపి ఏదీ చేయని పెద్దమనుషులతోనే కష్టం.

గ్యాస్ బిళ్ల దేశం

పడుకున్న క్రిమిని లేపేవి కొన్ని ఉన్నాయి. వయసు మన చేతిలో లేదు. అవసరం లేకుండా వేసే యాంటీబయాటిక్ మన చేతిలో ఉంది, అసలు దోషి కూడా అదే. ఆసుపత్రిలో అనవసరంగా ఉంచేసే రోజులు మన చేతిలో ఉన్నాయి. ఇక మూడోది మన ప్రాంతం వాళ్లకు ప్రాణంతో సమానమైనది, గ్యాస్ బిళ్ల.

మన వైపు ఏ డాక్టరైనా చీటీలో గ్యాస్ బిళ్ల రాయలేదంటే, రోగి గేటుదాకా వెళ్లి వెనక్కొచ్చి మరీ అడుగుతాడు. కాలికి ముల్లు గుచ్చుకుని వచ్చినా అడుగుతాడు. కారం తినే ఒళ్లు కాబట్టి పరగడుపున ఆ బిళ్ల పడాల్సిందేనని ఇక్కడ తరాల నమ్మకం. ఆ బిళ్ల చేసే పని కడుపులో ఊరే పులుపును తగ్గించడం. ఆ పులుపు ఊరికే లేదు. బయటి నుంచి వచ్చే క్రిముల్ని చాలావరకు అక్కడే చంపుతుంది. అవసరం ఉన్నవాళ్లు ఆ బిళ్ల తప్పకుండా వాడాలి, సొంతంగా మానేయకూడదు. అవసరం లేనివాళ్లు ఏళ్ల తరబడి మింగుతూ ఉంటే మాత్రం కాపలా మనిషిని మనమే సెలవు మీద పంపినట్టు. కోటమ్మకు కడుపులో పుండు లేదు, పుండు చేసే రకం నొప్పి బిళ్లలు కూడా మార్చారు. కాబట్టి డాక్టర్లు అన్నీ చూసుకునే ఆపేశారు.

ఆమె కొడుకు వెంకటేశ్వర్లు పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేస్తాడు. తల్లికి తోడుగా ఉండటానికి సెలవు పెట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడు.

"సిస్టర్ గారూ, అన్నీ ఇచ్చారండి. గ్యాస్ బిళ్ల మర్చిపోయినట్టున్నారు" అన్నాడు.

"మర్చిపోలేదు బాబూ, ఆపాం."

"ఆపారా? అమ్మ నా చిన్నప్పటి నుంచీ మింగుద్దండి. పోనీ ఏదన్నా పవర్ ఇంజెక్షన్ అయినా చేయించండి. మా ఊళ్లో జొరం వస్తే చేస్తారే, అట్టాంటిది."

"జ్వరం లేదు కదా."

"రాకుండా చేయరా అండీ?"

దీనికి సమాధానం చెప్పడానికే నా ఉద్యోగంలో సగం ఖర్చయిపోయింది. ఊళ్లో జలుబుకు, జ్వరానికి, ఒళ్లునొప్పులకు చేయించుకున్న పవర్ ఇంజెక్షన్లు, అంటే యాంటీబయాటిక్‌లన్నీ కోటమ్మ పేగుల్లో పైరును ఇప్పటికే పలచన చేసి ఉంటాయని అతనికి నిదానంగా చెప్పాను. బుద్ధిగా తలూపాడు. నేను అటు వెళ్లగానే ఇంకో సిస్టర్‌ని గ్యాస్ బిళ్ల అడిగాడట.

ఒళ్లు బాగుంది, రిపోర్టు బాగాలేదు

ఇంకో రెండు మూడు రోజుల్లో కోటమ్మను ఇంటికి పంపేద్దామనుకున్నాం. వాకర్ పట్టుకుని వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తోంది. నేను పెళ్లికని ఒంగోలు వెళ్లాను. వచ్చేసరికి ఆమె చేతికి సెలైన్ సూది ఉంది, అందులో గట్టి యాంటీబయాటిక్ ఎక్కుతోంది.

కొత్తగా చేరిన డ్యూటీ డాక్టరమ్మాయిని అడిగాను. "జ్వరం వచ్చిందా డాక్టరుగారూ?"

"లేదు సిస్టర్."

"మూత్రంలో మంట?"

"లేదు. కానీ డిశ్చార్జికి ముందు యూరిన్ పంపితే బ్యాక్టీరియా వచ్చింది. రిపోర్టులో ఉన్నాక ఎలా వదిలేస్తాం?"

వెంకటేశ్వర్లు పక్కనే నిలబడి సంతోషంగా ఉన్నాడు. అతను కోరుకున్న పవర్ ఇంజెక్షన్ దొరికింది మరి. వయసు మళ్లిన ఆడవాళ్ల మూత్రంలో ఏ ఇబ్బందీ లేకుండా బ్యాక్టీరియా కనపడటం మామూలే, ఇబ్బంది లేకపోతే మందు అక్కర్లేదు. ఆ అమ్మాయిని నేను తిట్టలేదు. ఊరుకోవడమెలాగో ఏ కాలేజీలోనూ నేర్పరు, దాని మీద పరీక్షలో ప్రశ్న రాదు. నేనూ మైక్రోబయాలజీ మేడమూ చెప్పాక ఇంజెక్షన్ ఆపింది. అప్పటికే కొన్ని డోసులు వెళ్లిపోయాయి. ఇంటికి పంపడం వాయిదా పడింది.

ఆ వారంలోనే కోటమ్మకు విరేచనాలు మొదలయ్యాయి.

పచ్చడి సీసా

నేను వెంటనే సి.డిఫ్ పరీక్షకు పంపమన్నాను. పంపేవాళ్లే. కానీ అదే పూట రౌండ్‌కి వచ్చిన ప్రసాదరావు గారు, దిండు పక్కన మూట కట్టి ఉన్న గుడ్డ విప్పి చూశారు. లోపల గాజు సీసా, దాని నిండా పండుమిరప పచ్చడి.

"ఇదిగోనమ్మా మీ క్రిమి" అన్నారు సీసా ఎత్తి నాకు చూపిస్తూ. "తుంటి ఆపరేషనైన మనిషి మంచం మీద పడుకుని పండుమిరప పచ్చడి నాకుతుంటే విరేచనాలు కాక ఏమవుతాయి? టెస్టూ లేదు, ఏమీ లేదు. కారం ఆపండి."

వెంకటేశ్వర్లు ఊరుకోలేదు. "కారం పడక కాదండీ, కారం లేకే ఇట్టా అయింది. మీ ఆసుపత్రి చప్పిడి కూడు తిని పేగులు జావగారిపోయినయి. అందుకే నేను తెచ్చిపెట్టింది."

ఇక చూడండి. డాక్టరుగారు కారం వల్లే అంటారు. కొడుకు కారం లేకే అంటాడు. పక్క మంచాల వాళ్లు రెండు పార్టీలుగా చీలిపోయారు. తెనాలి నుంచి వచ్చిన ఒకాయన మజ్జిగలో మెంతిపిండి వేయమని మూడో పార్టీ పెట్టాడు. గుంటూరు ప్రాంతంలో తప్ప ఇంకెక్కడా ఇలాంటి పొరపాటు జరగదనుకుంటాను. మనకు మంచి జరిగినా చెడు జరిగినా అంతా మిరపకాయ వల్లే జరగాలి. ఎంబీబీఎస్ చదివినా ఆ నమ్మకం పోదు.

ఈ వాదనలో రెండు రోజులు పోయాయి. ఎవరో విరేచనాలు కట్టే బిళ్ల వేయబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఈ జబ్బే అయితే, విషం బయటికి పోకుండా లోపలే కట్టేసినట్టవుతుంది. రెండోరోజు మధ్యాహ్నానికి కోటమ్మ కళ్లు లోతుకు పోయాయి. పొట్ట ఉబ్బింది. వార్డంతా వినపడే మనిషి గొంతు మంచం దాటి రావడం లేదు. నేను చెవి దగ్గరగా పెడితే, "సిస్టరమ్మా, ఇంక నడిచేదాన్నేనా?" అంది.

నాకు భయమేసింది. ఇన్నేళ్ల సర్వీసులో చాలామంది చనిపోవడం చూశాను. అయినా, మా చేతుల్లోంచే ఈమె జారిపోతోందన్న ఆలోచన తట్టుకోలేకపోయాను. సరాసరి ప్రసాదరావు గారి గదికి వెళ్లి తలుపు వేశాను.

"సార్, అరవై ఏళ్ల నుంచి పండుమిరప తిన్న పేగు ఇవాళ కొత్తగా అలిగిందా?"

ఆయన చేతిలో పెన్ను బల్ల మీద పెట్టారు.

"ఆ సీసాలో పచ్చడి ఆమె ఒక్కతే తినలేదు సార్. వార్డులో సగం మందికి పంచింది. అందరూ హాయిగా ఉన్నారు. తేడా ఒక్కటే. ఆమెలో క్రిమి ముందే ఉంది, ఆపైన మనం యాంటీబయాటిక్ ఎక్కించాం."

"సగం మందికి పంచిందా?"

"మా సిస్టర్లు కూడా తిన్నారు."

"మీరు?"

"రుచి చూశాను సార్."

"ఎట్టా ఉంది?" అన్నారు.

"ఉప్పు కాస్త ఎక్కువైంది."

ఆయన కళ్లజోడు తీసి మొహం తుడుచుకున్నారు. "ఇప్పుడే పంపించండి. రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడదాం" అన్నారు. తప్పయిందని ఆయన నోటితో అనలేదు. కానీ ఆ రోజు నుంచి రోజూ పొద్దున అన్ని వార్డులకన్నా ముందు కోటమ్మ దగ్గరికే వచ్చేవారు. పొట్ట మీద చెయ్యివేసి చూసి, సెలైన్ చుక్కలు తానే సరిచేసి వెళ్లేవారు. రిపోర్టు మేం అనుకున్నట్టే వచ్చింది.

ఆ రోజుల్లో నేను చేసిన ఇంకో యుద్ధం సబ్బు కోసం. కరోనా వచ్చి వెళ్లాక మా వాళ్లందరికీ సీసా నొక్కి చేతులు రుద్దుకోవడం అలవాటైపోయింది. మిగతా చాలా క్రిములకు అది చాలు. ఈ క్రిమికి మాత్రం గట్టి తొడుగుంటుంది, శానిటైజర్‌కు చావదు. సబ్బు పెట్టి కుళాయి నీళ్ల కింద రుద్ది కడిగితేనే కొట్టుకుపోతుంది. వార్డు సింకు దగ్గర నేనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. డాక్టర్లు, సిస్టర్లు, తుడిచేవాళ్లు, రోగులను చూడటానికి వచ్చిన పాస్టరుగారు, ఎవరినీ వదల్లేదు. పాస్టరుగారు కడిగి వచ్చాకే కోటమ్మ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. తల్లికి మేలైతే ఏ దేవుడైనా సరేనని వెంకటేశ్వర్లు కూడా చేతులు కడుక్కుని వచ్చి కళ్లు మూసుకున్నాడు.

మెల్లగా విరేచనాలు తగ్గాయి. ఒకరోజు నేను వార్డు గుమ్మంలో ఉండగానే, కోటమ్మ ఫిజియోథెరపీ అబ్బాయిని తిడుతున్న మాటలు వినిపించాయి. అక్కడే ఆగిపోయి, కళ్లు తుడుచుకున్నాకే లోపలికి వెళ్లాను.

ఇంటికి

వెళ్లేరోజు ఆమె నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"నిజం చెప్పు. పురుగు చచ్చిందా?"

"జబ్బు తగ్గింది అక్కా. క్రిమి కొంచెం ఉండొచ్చు, లేకపోవచ్చు. నువ్వు బాగున్నన్నాళ్లూ మేం దాన్ని వెతకం. ఎక్కడికి వెళ్లినా, ఏ డాక్టరు దగ్గరైనా, ఈ జబ్బు వచ్చి తగ్గిందని ముందే చెప్పాలి. ఊరికే ఇంజెక్షన్లు చేయించుకోకూడదు."

"అంటే నాతోపాటు ఇంటికొచ్చిద్దా?"

"రావచ్చు."

"రానీలే. నా ముఠాలో ఇంకోటి" అంది.

అబద్ధం చెప్పి పంపితే ఇద్దరికీ సుఖంగా ఉండేది. కానీ రేపు జలుబుకు మళ్లీ పవర్ ఇంజెక్షన్ చేయించుకునేది. రోగులు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ నిజం మోయగలరు.

ఇక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. కొన్నాళ్లకు వెంకటేశ్వర్లు ఫోన్ చేశాడు. "అమ్మ కర్ర పట్టుకుని పనికి పోతోందండి. కానీ అన్నం తినడం లేదు. మీరొకసారి రాగలరా?"

ఆకలి లేదేమో, జబ్బు తిరగబెట్టిందేమోనని హడావుడిగా సెలవు పెట్టి, సంచిలో సబ్బు కూడా వేసుకుని షెడ్డుకు వెళ్లాను. మధ్యాహ్నం అన్నాల వేళ. ఆ ముఠాలో ఒక పద్ధతి ఉంది. అందరి క్యారేజీల్లో అన్నం, కూరలు ఒక పెద్ద బేసిన్‌లో గుమ్మరిస్తారు. మేస్త్రి అంతా కలిపి, ముద్దలు చేసి ఒక్కొక్కరి అరచేతిలో పెడుతుంది. ఎవరి కూర ఎవరు తిన్నారో తెలియదు, ఎవరి అన్నం తక్కువైందో తెలియదు. ముద్ద పెట్టే చెయ్యి ఎవరిదో వాళ్లే ఆ ముఠాకు మేస్త్రి.

ఆ రోజు బేసిన్ నాగేంద్రం ముందుంది. కోటమ్మ దూరంగా గోనెల పక్కన ఒంటరిగా కూర్చుని, మూత తీయని క్యారేజీ ఒళ్లో పెట్టుకుని ఉంది. జబ్బేమీ తిరగబెట్టలేదని చూడగానే అర్థమైంది.

నేను నాగేంద్రాన్ని గట్టిగానే అడిగాను. ఆమె ఏమాత్రం తడబడలేదు.

"మాకూ ఇళ్లల్లో పసిపిల్లలున్నారండీ. ఆ బోర్డు మేం రాసుకున్నామా? మీరే పెట్టారు గదా."

ఆమె అన్నది నిజం. మా మందులతో జబ్బు తగ్గింది. మా బోర్డు అంటించినది మాత్రం ఇంకా తగ్గలేదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు, అనవసరంగా యాంటీబయాటిక్‌లు మింగనివాళ్లకు భయం చాలా తక్కువనీ, చేతులు సబ్బుతో కడిగితే పసిపిల్లల గురించి బెంగ అక్కర్లేదనీ చెప్పాను. విన్నారు. ఎవరూ కదల్లేదు. ఉపన్యాసాలు ఎంత పనిచేస్తాయో నాకు ఆ రోజే తెలిసి ఉండాల్సింది, మొన్న కాలేజీలో ఇంకొకటి ఇచ్చి ఉండేదాన్ని కాదు.

కోటమ్మను చెయ్యి పట్టి లేపాను. షెడ్డు బయట కుళాయి దగ్గర ఇద్దరం సబ్బు పెట్టి, గోళ్ల సందుల్లో, వేళ్ల మధ్య బాగా రుద్ది కడిగాం. వచ్చి నాగేంద్రం ముందున్న బేసిన్ నేనే కోటమ్మ ముందుకు జరిపాను. "కలుపు అక్కా. ఆకలేస్తోంది" అన్నాను.

కోటమ్మ గోంగూర, చారు, ఎవరిదో కోడిగుడ్ల పులుసు, అన్నీ కలిపింది. నేను అరచెయ్యి చాపాను. ముద్ద పెట్టింది. తిన్నాను. కారం నషాళానికెక్కి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అంతా నన్నే చూస్తున్నారు, నేనక్కడే పడిపోతానేమో అన్నట్టు. నేను మళ్లీ చెయ్యి చాపాను.

రెండో ముద్ద కూడా అయ్యాక నాగేంద్రం లేచింది. కొంగు నడుముకు బిగించుకుంటూ వచ్చి కోటమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది. చెయ్యి చాపింది.

కోటమ్మ ముద్ద చేసింది. నాగేంద్రం చేతిదాకా తెచ్చి ఆపింది. ఆ చేతి వంక చూసింది.

"ఏందే ఈ చెయ్యి? పొద్దుట్నుంచీ కాయల్లో పెట్టిన చెయ్యి అట్టాగే తెచ్చి చాపుతావా నా ముందు? పోయి సబ్బెట్టి కడుక్కుని రా. ఒక్కదానివే కాదు, ఏయ్, అందరూ లేవండి."

అందరూ లేచారు.